ఆయన జడ విప్పుకుంది

మా అన్నయ్య ఆడవాళ్ల బట్టలు కుట్టే టైలరు. మా వదిన నీళ్ల బిల్లుల ఆఫీసులో గుమాస్తా; తీరిక చిక్కితే నవలలు రాస్తుంది. ఈ రెంటిలో ఏది ప్రమాదమైన పని అని నన్నడిగితే, సూదులున్నది మాత్రం కాదంటాను.

నవలలు అని గొప్పగా అన్నాను గానీ, రాసింది ఒక్కటే. ఆ ఒక్కటీ వారపత్రికలో సీరియల్‌గా వచ్చినన్నాళ్లూ మా అన్నయ్య కంటినిండా నిద్రపోలేదు, నన్ను చేతినిండా పని చేసుకోనివ్వలేదు. చివరికి చేజేతులా తన కాపురాన్ని గడప దాకా తెచ్చి నిలబెట్టాడు. అలాగని చెడ్డవాడనుకునేరు, చీమ ఎదురైనా పక్కకు జరిగే మనిషి. మనిషికి ఉండాల్సినవన్నీ ఉన్నాయి, తనమీద తనకు నమ్మకం తప్ప.

షాపు కింద, ఇల్లు పైన. షాపులో రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, మూలన నిలువుటద్దం, దాని పక్కన తెర కట్టిన ట్రయల్ గది. నేనుండేది పక్క వీధిలో. పొద్దున్నే ఇంట్లో పని తెముల్చుకుని వచ్చి కాజాలు కుడతాను, హుక్కులు వేస్తాను, అంచులు మడుస్తాను, మధ్యమధ్యలో అన్నయ్యను తిడతాను. మొదటి మూడింటికీ జీతం ఇస్తాడు. నాలుగోది నేను ఉచితంగా చేస్తాను.

సీరియల్ పేరు "గోడకు చెవి". అందులో ఒకావిడ సంగీతం నేర్పుతుంది. ఇంటినిండా శిష్యులు, ఎక్కడికెళ్లినా పొగడ్తలు. ఆవిడకో భర్త. లోలోపల కుమిలిపోవడం తప్ప ఆ భర్తకు వేరే పనుండదు. భార్య ఎవరితోనైనా నవ్విందా, తనను చూసే నవ్విందనుకుంటాడు. నవ్వలేదా, తనవల్లే నవ్వడం మానేసిందనుకుంటాడు. ఆ మహానుభావుడికి వదిన పేరు పెట్టలేదు. కథ పొడుగునా "ఆయన" అని మాత్రమే రాసింది.

చిక్కంతా ఆ మూడక్షరాలతోనే వచ్చింది. మా వదిన అన్నయ్యను పేరు పెట్టి పిలవదు. ఎదురుగా ఉంటే "ఏమండీ", లేనప్పుడు "ఆయన". "ఆయన తిన్నారా?", "ఆయన టేపు మెడలో వేసుకునే పడుకున్నారు", "ఆయనకు చెప్పకు, కంగారు పడతారు". మా ఇంట్లో ఆయన అంటే ఒక్కడే. అలాంటిది అచ్చులో "ఆయన గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు" అని చదివేసరికి మా అన్నయ్యకు ఆ పేజీలో తన ఫొటో కనిపించింది.

"చూశావా? ఇంట్లోనేమో 'నిలబడ్డారు' అంటుంది. పుస్తకంలోనేమో 'నిలబడ్డాడు'. మనసులో నాకున్న మర్యాద ఎంతో బయటపడింది!" అన్నాడు నాతో, పత్రికను బల్లకింద దాస్తూ.

"కథలో అందరూ అలాగే రాస్తారన్నయ్యా" అన్నాను.

"అందరి సంగతి నాకెందుకు? రాసింది అందరూ కాదుగా."

గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. మా అన్నయ్య టైలరు కదా, తడుముకోవడంతో ఆగలేదు. టేపు తీసి కొలుచుకున్నాడు. నవల్లో ఆయన కాస్త పొట్టి అని ఉంది. అన్నయ్య కాస్త పొట్టి. నవల్లో ఆయనకు చెమటలెక్కువ. మా ఇస్త్రీపెట్టె పక్కన చెమట పట్టనివాడెవడు? ఇక నవల్లో ఆయన ముక్కు పెద్దదని ఉంటే, అన్నయ్య అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి, "ఇది పెద్దదంటావా?" అని అడిగాడు. నేను నిజమే చెప్పాను. రెండురోజులు నాతో మాట్లాడలేదు.

పోనీ వదిననే అడిగేయొచ్చుగా? నేనూ అదే అన్నాను.

"అడిగితే అనుమానం మనిషినైపోతాను. ఆయన కూడా రెండో వారంలో అలాగే అడుగుతాడు" అన్నాడు.

అప్పటినుంచి అన్నయ్య కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. నవల్లో ఆయన ఏది చేస్తే దానికి సరిగ్గా తలకిందులుగా చేయడం. ఆయన చప్పుడు లేకుండా వచ్చి తలుపు చాటున నిలబడతాడా? సరే, మా అన్నయ్య మెట్లెక్కేటప్పుడు గొంతెత్తి పాడడం, ప్రతి మెట్టు మీదా దగ్గడం, తలుపు ముందు ఆగి "వచ్చేస్తున్నానోచ్!" అని కేకేయడం. ఆ గొంతుకు ఎదురింటివాళ్ల కిటికీలు మూసుకున్నాయి.

"ఏమైందండీ మీకు? జలుబా?" అంది వదిన.

"లేదు, సంతోషం" అన్నాడు అన్నయ్య.

ఆయన ముభావంగా ఉంటాడు కాబట్టి మా అన్నయ్య పొద్దస్తమానం నవ్వుతూ ఉండాలి. కత్తిరిస్తూ నవ్వడం, ఇస్త్రీ చేస్తూ నవ్వడం. ఒకావిడ తన మామగారు పోయిన సంగతి చెబుతుంటే కూడా నవ్వాడు. ఆవిడ గుడ్డ వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి దవడలు పట్టేసి అన్నం నమలలేకపోయాడు.

ఇక ఫోను సంగతి వినండి. మూడో భాగంలో, భార్య ఫోను మోగినప్పుడల్లా ఆయన "ఎవరు?" అని అడుగుతాడు. దాంతో అన్నయ్య, వదిన ఫోను మోగగానే అక్కడినుంచి మాయమైపోవాలని తీర్మానించుకున్నాడు. వదిన ఆఫీసు దగ్గరే. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, వెళ్లేముందు షాపులో కాసేపు కూర్చుంటుంది. ఆరోజు లైబ్రరీ ఆవిడ గౌను ట్రయల్‌కి వచ్చింది. ఈవిడ మా పాత ఖాతా, పొడుగ్గా, చక్కగా, నోట్లో నువ్వుగింజ నానని మనిషి. అన్నయ్య ఆవిడ చేతికి గుడ్డ చుట్టి గుండుసూదులు గుచ్చుతున్నాడు. ధ్యాసంతా వదిన మీద. ఆ పరధ్యానంలో ఆవిడ చేతిగుడ్డను తన చొక్కా అంచుతో కలిపి గుచ్చేశాడు. అంతలో వదిన ఫోను మోగింది.

అన్నయ్య వీధిలోకి ఒకటే పరుగు. వెనకాలే లైబ్రరీ ఆవిడ, ఒక చెయ్యి ఉన్న గౌనుతో, "మాస్టారూ! ఆగండి మాస్టారూ! నేనూ వస్తున్నా!" అంటూ. రాక ఏం చేస్తుంది, గుచ్చేసి ఉన్నాడాయె. వీధి చివర పళ్ల బండి దాకా వెళ్లాక గానీ ఇద్దరూ విడిపోలేదు. నేను నవ్వలేక చచ్చాను, హుక్కు వేస్తూ వేలిలోకి సూది దించుకున్నాను. ఎందుకో తలతిప్పి చూస్తే వదిన మాత్రం నవ్వడం లేదు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, అవతలివాళ్లు "హలో, హలో" అంటున్నా పలక్కుండా, వీధిలోకే చూస్తోంది. ఆఫీసు పని చిరాకేమో అనుకున్నాను.

తర్వాతి వారం పత్రిక వచ్చింది. అన్నయ్య అది పట్టుకుని ట్రయల్ గదిలోకి దూరి, మరుక్షణం తెర లాగి బయటపడ్డాడు. మొహం సుద్దముక్కలా ఉంది.

"చదువు" అన్నాడు.

చదివాను. తనకు అనుమానమేమీ లేదని భార్యకు తెలియాలని, ఆమె ఫోను మోగగానే ఆయన బయటికి వెళ్లిపోతున్నాడట.

"నన్ను చూసి రాస్తోందే! ఈ వారం నేనేం చేస్తే వచ్చే వారం అది అచ్చవుతోంది!"

నాక్కూడా ఒక్క క్షణం నిజమేనేమో అనిపించింది. ఆ సాయంత్రమే పైకి వెళ్లి వదినను అడిగాను, ఏ వారానికావారం రాస్తున్నావా అని.

"అయ్యో, లేదు. మొత్తం ఎప్పుడో ఇచ్చేశాను. వాళ్లు ముక్కలు చేసి వేస్తున్నారు" అంది, బట్టలు మడతపెడుతూ.

"అయినా నీ ఆయనకు మరీ అంత అనుమానమేంటి వదినా? మనిషన్నాక కాస్త సవ్యంగా ఆలోచించొద్దూ?"

వదిన నవ్వింది. "అన్నీ సరిగ్గా అర్థం చేసుకునేవాడి మీద కథేం రాస్తాం? రెండో పేజీకల్లా శుభం. తప్పుగా అనుకున్నవాడే నవలను చివరిదాకా మోస్తాడు. వాడికి ధైర్యం ఉంటే ఒక్క మాట అడిగేసి ఊరుకుంటాడు. లేదు కాబట్టే ఇన్ని పేజీలు." నవ్వు ఆపి, చేతిలో చొక్కాకేసి చూసింది. "ఆ భయం నాకు బాగా తెలుసులే."

అన్నయ్యతో కాపురం చేస్తోంది కదా, తెలియకేం అనుకున్నాను. నేనూ ఆ అన్నకు చెల్లెల్నే మరి.

కిందికొచ్చి, ముందే రాసి ఇచ్చేసిందట, నీకోసం కాదు అని చెప్పాను. మనసు కుదుటపడుతుందనుకున్నాను. పడితే వాడు మా అన్నయ్య ఎందుకవుతాడు?

"అంటే నేనేం చేస్తానో దానికి ముందే తెలుసన్నమాట!" అని స్టూలు మీద కూలబడ్డాడు. "అంత తేలిగ్గా తెలిసిపోయే మనిషినా నేను? అయిపోయింది. నన్ను పూర్తిగా చదివేసింది. చదివేసిన పుస్తకాన్ని ఎవరైనా ఇంట్లో ఉంచుకుంటారా?"

"నువ్వసలు పుస్తకమే కాదు, తలనొప్పివి" అన్నాను. వినిపించుకోలేదు.

ఆ తర్వాతి వారం ఇంకో పిడుగు పడింది. లైబ్రరీ ఆవిడ పత్రిక పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. "మాస్టారూ, ఇది విన్నారా? మీ ఆవిడ నవల్లో ఎంత తమాషా జరిగిందో!" అని అద్దం ముందు నిలబడి పైకి చదివింది:

"శిష్యులందరూ వెళ్లేదాకా ఆయన లోపలి గదిలోనే ఉన్నాడు. అద్దం ముందు నిలబడి, తనను ఇక ఎవరు చూస్తారులే అనుకుంటూ, ఆయన జడ విప్పుకుంది."

"జడ విప్పుకుంది! ఆయన!" అని ఆవిడ పొట్ట పట్టుకుంది. "అచ్చుతప్పుల్లో ఇంత అందమైనది నా సర్వీసులో చూళ్లేదు."

నేనూ పగలబడి నవ్వాను. అన్నయ్య మాత్రం కత్తెర బల్లమీద పెట్టేశాడు. ఆవిడ వెళ్లేదాకా ఆగి, తలుపు మూసి, నావైపు తిరిగాడు.

"అచ్చుతప్పు కాదు."

"మరి?"

"ఆడవాళ్ల బట్టలు కుట్టేవాడు ఆడంగి అని దాని ఉద్దేశం. పొద్దస్తమానం లేసులూ కుచ్చిళ్లూ అంటాను కదా. నాకు జడేసింది!"

ఇంతకుమించి ఎవరైనా తప్పుగా అర్థం చేసుకోగలరా? చేసుకోగలరు. నేను చేసుకున్నాను. అన్నయ్య కళ్లలో నీళ్లు చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. రాసుకుంటే రాసుకో, మొగుణ్ని నలుగురిలో నవ్వులపాలు చేయడమేంటి? ఒంటికాలి మీద లేచి మెట్లెక్కాను. అన్నయ్యను నేను తిట్టొచ్చు గానీ ఇంకొకళ్లు తిడితే ఊరుకోను.

"వదినా, జడ సంగతేంటి?" అన్నాను గుమ్మంలోనే.

వదిన చేతిలో గిన్నె జారిపోయింది. మొహం ఎర్రగా అయింది. "ఆయన చదివారా?"

"చదివాడు. అర్థం కూడా చేసుకున్నాడు. కుమిలిపోతున్నాడు కింద."

"అర్థమైపోయిందా ఆయనకు?" అని గిన్నె తీయడం కూడా మర్చిపోయి కూర్చుండిపోయింది. "ఏమన్నారు?"

"ఏమంటాడు? నీ మనసులో ఇదా ఉంది అని బాధపడుతున్నాడు."

"అవును. ఇన్నాళ్లూ ఇదే ఉంది" అంది నెమ్మదిగా. "చెప్పే ధైర్యం లేకపోయింది."

ఇంత నిబ్బరంగా ఒప్పుకున్నాక ఇక నేనేం పోట్లాడతాను? చరచరా కిందికొచ్చేశాను. ఆ రాత్రినుంచి పైన వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. ఎవరికివారు అవతలివాళ్లకు అంతా తెలిసిపోయిందనుకుంటున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరు దొంగలు, పోలీసు ఒక్కడూ లేడు.

ఆ వారం పేజీ అడుగున పెద్ద అక్షరాలతో ఇంకో ముక్క కూడా ఉంది: "వచ్చే సంచికలో ముగింపు. ఆమె గడప దాటుతుందా?"

అన్నయ్యకు అన్నం దిగలేదు. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగిపోతాడు. "దాటుతుందంటావా?" అంటాడు. "కథలోనా, ఇంట్లోనా?" అంటాను. "రెండూ ఒకటేగా" అంటాడు. మనిషికి కావాల్సిందల్లా ఒక్కటే, వదిన ఉంటుందా పోతుందా తెలియడం. ఆ ఒక్క మాటా అడగలేక నానా తిప్పలూ పడ్డాడు. లైబ్రరీ ఆవిడను ముగింపు ఏమయ్యుంటుందని అడిగాడు. "పోవాలండీ, పోతేనే కథకు అందం" అందావిడ. ఆవిడ గౌను అంచు వంకరగా వచ్చింది. అన్నయ్య చేతిలో అంచు వంకర పోవడం నేనెప్పుడూ చూడలేదు.

ముగింపు రావడానికి ముందురోజు నేను షాపుకొచ్చేసరికి తలుపులు తీసున్నాయి గానీ మిషను చప్పుడు లేదు. బల్లమీద వదిన బట్టలు కుప్పగా ఉన్నాయి. అన్నయ్య కూర్చుని ఒక్కొక్కటీ తిరగేస్తున్నాడు. వదులైన బొత్తాం బిగిస్తున్నాడు, చిరుగుపట్టిన చోట లోపలివైపునుంచి రఫ్పు చేస్తున్నాడు, ఇస్త్రీ చేసి, నలగకుండా మధ్యలో కాగితం పెట్టి, కింద తెరిచి ఉన్న పెట్టెలో సర్దుతున్నాడు.

"ఏంటిది?"

"అది వెళ్తానని నాతో చెప్పడానికి ఎంత ఇబ్బంది పడుతుందో! నోరు తెరిచి అడగక్కర్లేకుండా నేనే సర్ది పెడితే దానికి సులువు. పోయేచోట ఈ బొత్తాలు ఎవరు కుడతారు? అన్నీ గట్టిగా చేసి పంపిస్తే మంచిది కదా." ముక్కు ఎగబీల్చి, "ఈ ఊదారంగుది వదిలేద్దామా? ఇది నాకిష్టం" అన్నాడు.

తిట్టాను. బతిమాలాను. పెట్టెలోంచి నేనొకటి తీస్తుంటే వాడు రెండు పెట్టాడు. చివరికి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. పెళ్లాన్ని పంపేస్తున్నవాడు ఆమె కోటుకు కొత్త లైనింగు వేసి మరీ పంపడం లోకంలో ఎక్కడైనా ఉందా?

సాయంత్రం వదిన ఆఫీసునుంచి వచ్చింది. షాపు గుమ్మం పక్కనే పెట్టె నిలబెట్టి ఉంది, దానిమీద మడతపెట్టిన కోటు. అన్నయ్య నిలువుటద్దం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇదేంటండీ?" అంది.

"నీ బట్టలు. అన్నీ ఉన్నాయి. నీకు సులువుగా ఉంటుందని."

వదిన పెట్టెవైపు చూసింది, కోటువైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "సరే. అనుకున్నదే" అంది. "అది చదివాక ఎవరు మాత్రం ఉంచుకుంటారు?"

కోటు చేతిమీద వేసుకుని పెట్టె పట్టుకుంది. బరువుకు ఓ పక్కకు ఒరిగింది. అన్నయ్య కదల్లేదు. పెద్దమనిషిగా సాగనంపుదామని చూస్తున్నాడు. వదిన గుమ్మం దాకా వెళ్లింది. ఒక కాలు గడప అవతల పెట్టింది.

అప్పుడు అరిచాను నేను. పళ్ల బండివాడు ఇప్పటికీ చెబుతుంటాడు, ఆ అరుపుకు తూకం తప్పిందని.

"ఎక్కడికి? ఎక్కడికి వెళ్తున్నావ్? వీడు నువ్వు పోతావని ఏడుస్తూ సర్దాడు! నువ్వెందుకు పోతున్నావో ఒక్క ముక్క చెప్పి ఆ రెండో కాలు కూడా బయటపెట్టు!"

వదిన వెనక్కి తిరిగింది. "ఏడుస్తూనా? ఆయన పొమ్మంటున్నారుగా?"

"నేనెందుకు పొమ్మంటాను? నువ్వే రాశావుగా, పోతున్నానని!" అన్నాడు అన్నయ్య. "నన్ను అనుమానం పీనుగని చేశావు. గోడకు అంటించావు. చాలక జడ వేశావు!"

"మీకెందుకు వేస్తానండీ జడ?" వదిన గొంతు చీరుకుపోయింది. "జడ ఎవరికుంది ఈ ఇంట్లో? నాకు కాదూ?"

అన్నయ్య నోరు తెరిచాడు. నేనూ తెరిచే ఉంచాను.

వదిన పెట్టె దించి దానిమీదే కూర్చుంది. "నేను రాసింది ఒకావిడ కథ. వాళ్లాయనకు ఊరంతా శిష్యులు, ఆయన చేతిలో మహిమ ఉందని అందరూ పొగుడుతుంటారు. ఆవిడ తలుపు చాటున నిలబడి వింటుంది. అంతా రాశాక భయమేసింది. చదివినవాళ్లు అది నేనేనని పట్టేస్తారేమోనని. 'ఆమె' ఉన్నచోటల్లా 'ఆయన' అని మార్చాను, 'ఆయన' ఉన్నచోట 'ఆమె' అని. ముక్కు పెంచాను, చెమట పట్టించాను. అన్నీ మార్చాననుకున్నాను. ఆ జడ ఒక్కటీ కంటపడలేదు."

"నువ్వా?" అన్నాడు అన్నయ్య. "గోడకు చెవి పెట్టింది నువ్వా?"

"నేనే."

"నా గోడకా?"

"ఇంకెవరి గోడకు పెడతాను?" ఇప్పుడొచ్చింది ఏడుపు. "పొద్దున్నుంచీ ఈ షాపు గుమ్మంలో ఎందరు వస్తారో, ఎందరు పోతారో! ప్రతివాళ్లూ ఆ అద్దంలో చూసుకుని మెరిసిపోతారు. లైబ్రరీ ఆవిడ కుడిచెయ్యి పొడుగని మీకు తెలుసు, టీచరుగారి నడుము తెలుసు, అందరి కొలతలూ చూడకుండా చెబుతారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్నొక్కసారి టేపు పెట్టి కొలిచారా? నా బట్టలు కుట్టి బల్లమీద పడేస్తారు. నా భుజం ఒకటి కిందికి వాలి ఉంటుంది. అదైనా చూశారా ఎప్పుడైనా? నేనొక మనిషినని కంటికి ఆనితేగా! ఆ లైబ్రరీ ఆవిడతో కలిసి వీధిలో పరిగెత్తారు కూడా!"

"ఎడమది" అన్నాడు అన్నయ్య.

"ఏంటి?"

"వాలేది ఎడమ భుజం. మీ ఇంట్లో నిన్ను చూడ్డానికొచ్చిన రోజే చూశాను. నీకు ఎవరైనా ఏమైనా అంటారేమోనని, నువ్వు అద్దంలో చూసుకుని చిన్నబోతావేమోనని, నీకు కుట్టిన ప్రతిదానికీ ఎడమవైపు లోపల సన్నగా ఒక పొర ఎక్కువ వేస్తున్నాను. పైకి తెలియకుండా. నిన్ను కొలవడానికి నాకు టేపెందుకు?" అన్నాడు, కోపంగానే అన్నాడు. "కళ్లు మూసుకుని కుడతాను నీది."

వదిన తను వేసుకున్న జాకెట్టు భుజం పట్టుకుని చూసుకుంది. నమ్మలేదు. లేచి బల్లమీద కత్తెర అందుకుని, చేతిలో ఉన్న కోటు ఎడమ భుజం దగ్గర కుట్టు టక్కున కత్తిరించింది.

"అయ్యో అయ్యో! పొద్దున్నే వేశానే ఆ లైనింగు!" అని అన్నయ్య లబలబలాడాడు.

లోపల ఉంది. తెల్లటి మెత్తటి పొర, చుట్టూ చేత్తో వేసిన కనపడీ కనపడని కుట్లతో. వదిన దాన్ని వేలితో తడిమింది. పెట్టె తెరిచి ఇంకోటి తీసింది, అదీ విప్పింది. ఊదారంగుదీ విప్పింది. అన్నిట్లో ఉంది. పెళ్లి కొత్తలోది, వెలిసిపోయి ఇంట్లో వేసుకునేది, దానిలోనూ ఉంది. అన్నయ్య ఒక్కో కుట్టుకూ "అమ్మా!" అంటున్నాడు, ఆపడానికి మాత్రం వెళ్లలేదు.

"చెప్పొచ్చుగా?" అంది.

"చెబితే నువ్వు ఆ భుజాన్నే తలుచుకుంటూ నడుస్తావుగా!"

ఇద్దరికిద్దరూ సరిపోయారు. నేను ఎక్కిళ్లు మింగుతూ కూర్చున్నాను. బల్లమీద విప్పిన బట్టలు గుట్ట పడ్డాయి, అవన్నీ మళ్లీ మడిచి కుట్టాల్సింది నేనే. ఆ సంగతి అప్పుడు నాకు గుర్తురాలేదంటే నేనెంత సంతోషంలో ఉన్నానో చూడండి.

అన్నయ్య వచ్చి నేలమీద, పెట్టె పక్కన చతికిలబడ్డాడు. ఇన్ని వారాలుగా అడగలేకపోయింది ఇప్పుడు అడిగాడు: "మరి రేపు వచ్చేదాంట్లో? ఆమె వెళ్లిపోతుందా?"

"వెళ్లిపోతుంది. అచ్చయిపోయింది, ఇక మార్చడానికి లేదు."

"తిప్పి రాయకముందు? అప్పుడెవరు వెళ్లిపోయారు?"

వదిన తలొంచుకుంది. పొర మీద కుట్టును గోటితో గీకుతూ, "ఆయన" అంది. "ఒకరోజు పొద్దున్న లేచేసరికి మిషను ఆగిపోయి ఉంటుంది. వెళ్లిపోయి ఉంటారు. ఆ ఒక్క పేజీ రాయడానికి నాకు నెల పట్టింది."

"నేనా?" అన్నయ్య చుట్టూ చూశాడు, ఇంకెవరినైనా అంటోందేమోనని. "నేను వెళ్లడమేంటి? ఎక్కడికి వెళ్తాను? నాకు వీధి చివర దాకా వెళ్తేనే ఊపిరాడదు."

వదిన నవ్వబోయింది, నవ్వు మధ్యలోనే ఏడుపులోకి జారింది. చెయ్యి చాచి అన్నయ్య చొక్కా చేతిని గట్టిగా పిడికిట్లో పట్టుకుంది. నాకు తెలిసి ఇన్నేళ్లలో ఆవిడ నోటినుంచి ఆ మాట రాలేదు, ఏకాంతంలో కూడా వచ్చి ఉండదు, ఎందుకంటే విన్న అన్నయ్య చెవులు అలా ఎర్రబడ్డాయి.

"నువ్వు" అంది. "నువ్వెక్కడికీ వెళ్లవుగా?"